అరచేతిలో సరస్వతి

2002 ఫిబ్రవరి 18, సోమవారం. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విద్యాశాఖ జి.ఓ. ఎం.ఎస్. నంబరు 16 జారీ చేసింది. 1966 నాటి విద్యా నియమావళిలోని 122వ నియమాన్ని సవరించి, రాష్ట్రంలోని విద్యాసంస్థలన్నిటిలోనూ పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. మీరిన వాళ్ళ మీద శిక్షాస్మృతి కింద చర్య ఉంటుందని చెప్పింది.

అప్పుడు నేను ఏడో తరగతి. రాయదుర్గం దగ్గర మా ఊరు. కామన్ పరీక్షలు దగ్గర పడుతున్న రోజులు. ఆ ఉత్తర్వు సంగతి నాకు తెలీదు. మా అయ్యవార్లకి తెలుసో లేదో కూడా తెలీదు. నెల తిరక్కుండానే పిక్కల మీద చింత బరికెతో నాలుగు దెబ్బలు తిన్నాను.

చేసిన నేరం చిన్నదే. మా బడిలో మరుగుదొడ్డి లేదు. ఆడపిల్లలం ఇద్దరేసి జట్టు కట్టి బడి వెనక కంపచెట్లలోకి వెళ్ళేవాళ్ళం. ఒకళ్ళు కాపలా, ఒకళ్ళు లోపల. ఆ రోజు దారిన ఎవరో మనుషులు పోతుంటే వాళ్ళు దాటేదాకా ఆగాల్సి వచ్చింది. మేం తిరిగొచ్చేసరికి పాఠం మొదలైపోయింది. "ఎక్కడికి పోయినారు?" అని అయ్యవారు అడిగారు. నలభై మంది ముందు ఏమని చెప్పాలి? తల దించుకుని నిలబడ్డాం. ఆలస్యానికి రెండు, మాట్లాడనందుకు రెండు.

ఇంటికెళ్ళి కంపలో పడ్డానని అబద్ధం చెప్పాను.

ఇరవై ఏళ్ళ తర్వాత ఒక సదస్సు పత్రం కోసం బడి శిక్షల చరిత్ర చదువుతున్నప్పుడు ఆ జి.ఓ. తేదీ నా కంటబడింది. వేళ్ళమీద లెక్క వేసుకున్నాను. నిషేధం వచ్చాక కూడా దెబ్బలు తిన్నానన్న దానికంటే, ఆ అబద్ధం ఎందుకు చెప్పానన్నదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ ప్రశ్న పట్టుకునే ఈ చరిత్రని మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. పిల్లల రక్షణ కోసం, క్రమశిక్షణ కోసం రాజ్యం చేసిన ఏ నియమమైనా సరే, నేను దాన్ని అడిగేది రెండే ప్రశ్నలు. దెబ్బ తిన్న పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకున్నాక ఆ పిల్ల చదువేమవుతుంది?

నా వెతుకులాట మా ఊరి దగ్గరే మొదలైంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలోనూ ఉన్న దేశీ బడుల లెక్కలు తీయమన్నాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఈయనే. అప్పటి బళ్ళారి జిల్లా అంటే చాలా పెద్దది. అనంతపురం, గుత్తి, ఆదోని, రాయదుర్గం అన్నీ అందులోవే. అనంతపురం 1882లో విడి జిల్లా అయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. అంటే కాంప్‌బెల్ రాసింది మా అవ్వల, వాళ్ళ అవ్వల ఊళ్ళ గురించే.

జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని ఆయన లెక్క తేల్చాడు. వాళ్ళలో ఆడపిల్లలు 60 మంది. ధరంపాల్ ఈ నివేదికల్ని 1983లో తన పుస్తకంలో అచ్చు వేశాక, తెల్లవాళ్ళు రాకముందు మన చదువులు ఎంత విస్తారంగా ఉండేవో చెప్పడానికి అందరూ వీటిని చూపిస్తూ వచ్చారు. అది నిజం కాదనను. కానీ అదే నివేదికలో బడి రోజు ఎలా మొదలవుతుందో కూడా ఉంది. పొద్దున అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి అరచేతిలో సున్న పెడతారు. అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చే ఒక్కొక్కరికీ ఒక్కో దెబ్బ పెరుగుతూ పోతుంది. చదవని వాళ్ళని కొట్టడం, చేతులు రెండూ కట్టి ఇంటి కప్పుకి వేలాడదీయడం, ఆపకుండా కూర్చోబెట్టి లేపడం కూడా ఆయన రాశాడు. వేలాడదీయడాన్ని మనం కోదండం అంటాం. కూర్చుని లేవడం గుంజీళ్ళు. ఈ శిక్షలు కఠినమైనవని రాస్తూనే, గుంజీళ్ళు బాధాకరమైనా బహుశా ఆరోగ్యానికి మంచివేమోనని కలెక్టరుగారు ఒక మాట కలిపారు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నేను నవ్వుకున్నాను. రెండోసారి చదువుతుంటే నవ్వు రాలేదు. బడికి ఆఖరున వచ్చేది ఎవరు? నీళ్ళు మోసి, కసువు ఊడ్చి, చెల్లెల్ని చంకనేసుకుని తిప్పి, అందరి తిండీ అయ్యాక తాను తిని వచ్చేవాళ్ళు. మా చిన్నతనంలో కూడా మా వరసలో ఆలస్యంగా వచ్చేది మేమే. ఆ 60 మంది ఆడపిల్లల్లో ఎంతమంది అరచేతిలో సరస్వతి పడిందో నివేదిక చెప్పదు. ఎవరు ముందు వచ్చారని మాత్రమే చూసే క్రమశిక్షణకి ఎవరు ఎక్కడినుంచి బయల్దేరారో అక్కర్లేదు. పైకి అందరికీ ఒకే న్యాయం. దెబ్బల లెక్క మాత్రం ఇంటి పని లెక్కతో పాటు పెరుగుతుంది.

సాహిత్య విద్యార్థిగా నాకు ఇంకొకటి కూడా కనబడింది. నేను చదివిన మగవాళ్ళ ఆత్మకథల్లో కోదండం, బెత్తం, తొడపాశం చాలాచోట్ల వస్తాయి. దాదాపు ఎప్పుడూ నవ్వుతూనే వస్తాయి. ఆ పంతులుగారు అలా కొట్టబట్టే ఇంతవాణ్ణయ్యానన్న కృతజ్ఞత చివర ఉంటుంది. ఆడవాళ్ళ రాతల్లో బడి దెబ్బ అంత తేలిగ్గా జోకు కాదు. దెబ్బలు తిని పెద్దవాళ్ళయిన మగవాళ్ళకి వెనక్కి తిరిగి నవ్వే అవకాశం ఉంది. దెబ్బతో చదువే పోయినవాళ్ళు ఆత్మకథ ఏం రాస్తారు?

ఇక చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఒకరిని గాయపరచడం నేరమే. కానీ 88, 89 సెక్షన్లు కొన్ని మినహాయింపులిచ్చాయి. పన్నెండేళ్ళలోపు పిల్లల మేలు కోరి, సంరక్షకుల సమ్మతితో, సద్భావంతో చేసిన పని నేరం కాదన్నాయి. బళ్ళో కొట్టిన ఉపాధ్యాయులకి ఇవే గొడుగు పట్టాయి. 2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఆ మినహాయింపులు కొత్త సంహితలోనూ కొనసాగాయి. బిడ్డని మొదటిసారి బళ్ళో వదిలేటప్పుడు మనవాళ్ళు అనే మాట ఒకటుంది కదా, "కళ్ళు రెండూ వదిలేసి తోలు వలవండి అయ్యవారూ" అని! చట్టం చెప్పే సంరక్షకుల సమ్మతి అదే. చట్టం చదవని మా అవ్వ కూడా "దెబ్బలు తినకుండా ఎవురికి సదువొచ్చిందే?" అనేది. ఇల్లు, బడి, రాజ్యం మూడూ ఒక్క మాట మీద నిలబడ్డ చోట పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

స్వతంత్రం వచ్చాక కూడా నియమావళులు బెత్తాన్ని తీసెయ్యలేదు, కొలతలు పెట్టాయి. 1973 నాటి ఢిల్లీ పాఠశాల విద్యా నియమాల్లో 37వ నియమం చూడండి. అరచేతి మీద, పది దెబ్బలకు మించకుండా, ఒంట్లో బాగాలేని పిల్లల్ని మినహాయించి, ప్రతి శిక్షనీ రిజిస్టరులో రాసి మరీ కొట్టొచ్చు. మళ్ళీ అరచెయ్యే! 1986 జాతీయ విద్యా విధానం శారీరక శిక్షని విద్యావ్యవస్థ నుంచి పూర్తిగా తొలగించాలంది. 1992 డిసెంబరులో భారతదేశం ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. అయినా ఆ 37వ నియమంలోని బెత్తాన్ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది 2000 డిసెంబరు 1న. తల్లిదండ్రుల వేదిక ఒకటి వేసిన కేసులో వచ్చిన తీర్పది. పధ్నాలుగు నెలల తర్వాత మన రాష్ట్రంలో జి.ఓ. 16 వచ్చింది.

ఆ జి.ఓ.ని తక్కువ చెయ్యాలని నాకు లేదు. కొట్టడం ఉపాధ్యాయుల హక్కు కాదని రాష్ట్రం అధికారికంగా ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు. అయితే బెత్తం పైనుంచి వచ్చిన కాగితంతో పోదని తర్వాతి లెక్కలే చెప్పాయి. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ పిల్లల మీద హింస గురించి పెద్ద అధ్యయనం వెలువరించింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాలు, 12,447 మంది పిల్లలు. బడికెళ్ళే పిల్లల్లో 65 శాతం మంది దెబ్బలు తిన్నామన్నారు. అదే అధ్యయనం లైంగిక హింస గురించి రాస్తూ, ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదంది. నాకు మాత్రం మొదటి అంకె కన్నా ఈ రెండో వాక్యమే పెద్దదిగా కనిపిస్తుంది.

అదే ఏడాది జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు శాంతా సిన్హా. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ ద్వారా పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చిన మనిషి. పిల్లల్ని బడిలో చేర్చడమే కాదు, బడి వాళ్ళని బయటికి తరమకుండా చూడటమూ ముఖ్యమని ఆమె పని చూసినవాళ్ళకి అర్థమవుతుంది. ఆ కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగితే, ఏ శిక్షా పడలేదన్నవాళ్ళు తొమ్మిదంటే తొమ్మిది మంది. 2012లో కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు శిక్షని మూడు రకాలుగా విడదీశాయి. శారీరక శిక్ష, మానసిక వేధింపు, వివక్ష. ఈ మూడో మాట చేర్చడం నా దృష్టిలో పెద్ద ముందడుగు. ఎందుకంటే మా బళ్ళో బెత్తం అందరికీ పడేది కానీ, తరగతి గది ఊడవడం మాత్రం కొన్ని ఇళ్ళ ఆడపిల్లల వంతే. దాన్ని శిక్ష అని కూడా ఎవరూ అనేవారు కాదు. "నువ్వు ఊడువు" అని కులం చూసి పేరు పెట్టి పిలిచేవారు, అంతే. బెత్తం ఒక్కటే హింస అనుకుంటే ఆ చీపురు ఏ జి.ఓ.కీ కనబడదు.

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షను శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ నిషేధించింది. మీరితే సర్వీసు నియమాల ప్రకారం క్రమశిక్షణ చర్య. అయితే ఆ చట్టం ఆరేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ దాకా ఉన్న పిల్లల కోసం. పధ్నాలుగు తర్వాత? మన ఊళ్ళల్లో ఆడపిల్ల చదువు ఏ వయసు దగ్గర తెగిపోతుందో అందరికీ తెలుసు. బడి ఒళ్ళంతా పరికించి చూడటం మొదలుపెట్టేది కూడా అప్పుడే. వోణీ సరిగా వేసుకో, జడలు మడిచి కట్టు, మగపిల్లలతో మాట్లాడకు, నవ్వకు. మగపిల్లల విషయంలో దీన్ని క్రమశిక్షణ అంటారు. మన విషయానికొచ్చేసరికి దాని పేరు రక్షణ అయిపోతుంది. క్రమశిక్షణ మీద ఎదురు తిరగొచ్చు. "నీ మంచికే" అని చెప్పే రక్షణ మీద ఎదురు తిరగడం ఎంత కష్టమో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

రక్షణ అంటే రాజ్యానికి ముందుగా గుర్తొచ్చేది గోడ. ఆ గోడ అవసరం లేదని నేననను. 2004 జులై 16న కుంభకోణంలో బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘోరం తర్వాత వేసిన పిటిషన్ మీద 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, విద్యాహక్కులోనే సురక్షితమైన బడి హక్కు కూడా ఉందని తీర్పు చెప్పింది. నిప్పు నుంచి కాపాడే బడి ఉండి తీరాలి. మా బళ్ళో ఒక మరుగుదొడ్డి ఉండుంటే నాకు ఆ దెబ్బలే పడేవి కావు. కానీ గోడ లోపలున్న మనిషి నుంచి కాపాడాలంటే గోడ సరిపోదు. పిల్లల మాట బయటికి వచ్చే దారి కావాలి.

ఇక్కడ మా పెద్దమ్మ కూతురు గురించి చెప్పాలి. నాకంటే రెండేళ్ళు పెద్దది. తొమ్మిదో తరగతిలో ఉండగా, నోటుబుక్కులు దిద్దే నెపంతో వీపు మీద చెయ్యి వేసే ఒక అయ్యవారి గురించి అక్క ఇంట్లో చెప్పింది. అందరూ నమ్మారు. ఒక్కరు కూడా అబద్ధమనలేదు. నమ్మారు కాబట్టే, మర్నాడు అక్క పుస్తకాల సంచి అటకెక్కింది. రెండేళ్ళలో పెళ్ళయిపోయింది. ఆ అయ్యవారు మాత్రం బదిలీ అయ్యేదాకా అదే బళ్ళో పాఠాలు చెప్పాడు. అదంతా చూసిన పిల్లని నేను. అందుకే కంపలో పడ్డానన్నాను. నా భయం దెబ్బల గురించి కాదు. "చదివింది చాల్లే" అన్న మాట గురించి.

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసిన ప్రతివాళ్ళూ ఫిర్యాదు చెయ్యాలంది. తన కింద పనిచేసేవాళ్ళ నేరాన్ని దాచిపెట్టిన సంస్థ అధిపతికి జైలుశిక్ష ఉందని చెప్పింది. అక్క కాలానికి ఈ చట్టం ఉంటే ఆ మనిషికి శిక్ష పడేదేమో. కానీ అక్క సంచి అటక మీంచి దిగేదా? నేరస్తుడి సంగతి చట్టం చూసుకుంటుంది. చెప్పిన పిల్ల మర్నాడు బడికి వెళ్ళగలగడం ఎవరి బాధ్యతో చెప్పేవాళ్ళు లేరు.

ఈ విషయంలో ఉపాధ్యాయుల్ని మాత్రమే నిలదీస్తే సరిపోదు. నా స్నేహితురాళ్ళలో చాలామంది టీచర్లు. రెండు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి, ఫలితాల శాతం గురించి పైనుంచి మాటలు పడుతూ, "కొట్టొద్దంటే ఎట్లా అదుపు చేసేది?" అని వాళ్ళు అడిగే ప్రశ్న నిజమైనదే. బెత్తం తీసుకుపోయిన రాజ్యం దాని స్థానంలో ఇంకో మనిషిని, ఇంకో గదిని, ఇంకాస్త సమయాన్ని ఇవ్వలేదు. చేతిలో ఏమీ మిగలని టీచరు, చెప్పుకునే చోటు లేని పిల్ల ఎదురెదురుగా మిగిలారు.

2025 జులైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. ఆ కేసు విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సిలరు ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీసి అందరి ముందూ అవమానించకూడదు. వేధింపుల గురించి గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష సాధించడాన్ని సహించకూడదు. ఈ చివరి అంశం దగ్గర నేను చాలాసేపు ఆగాను. 1823 నుంచి చదువుకుంటూ వచ్చిన ఇన్ని కాగితాల్లో, చెప్పిన మనిషికి ఏమవుతుందన్న ఆలోచన నాకు ఎదురైంది ఇక్కడే. అది కూడా ఒక ఆడపిల్ల ప్రాణం పోయాక.

ఈ వ్యాసం రాస్తూ అమ్మకి ఫోన్ చేశాను. ఏడో తరగతిలో నేను కంపలో పడలేదని ఇన్నేళ్ళకి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "నాకు తెలుసు లేమ్మా. ముళ్ళు గీరుకుంటే అన్ని గీతలూ ఒక్క తీరుగా అడ్డంగా పడతాయా? మీ నాయనకి తెలిస్తే సదువు మానిపిస్తాడని నేనూ ఊరుకుంటి."

ఆ రోజు రాత్రి అమ్మ నా పిక్కలకి పసుపు, నూనె రాసింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగనందుకు చాలా ఏళ్ళు లోలోపల బాధపడ్డాను. ఆమె మౌనంగా నా సంచిని అటకెక్కకుండా పట్టుకుని కూర్చుందని ఇప్పుడు తెలిసింది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చదువుని కాపాడుకున్న పద్ధతుల్లో ఇదీ ఒకటి. దీన్ని మెచ్చుకోవాలో, దీనికి ఏడవాలో నాకు తెలీడం లేదు. ఆ మౌనంతో నా చదువు నిలబడింది. అదే మౌనం చాటున ఆ బరికె కూడా నిలబడింది.

అక్క కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఒక బాలికల గురుకులంలో ఉంటోంది. ఆదివారం ఆదివారం ఫోన్ ఇస్తారు. మొన్న నేను వాళ్ళింట్లో ఉండగా ఫోన్ వచ్చింది. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా అని అడగబోయే ముందు అక్క ఒక మాట అంది. ప్రతివారం అదే మాటతో మొదలుపెడుతుందట. "ఏం జరిగినా నాకు చెప్పు పాపా. బడి మాత్రం మానిపించను."